నవ్వే లావు అక్షరాలు

తెలుగులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అన్న తేడా లేదు. ఇంగ్లిషులో గట్టిగా పిలవాలంటే మాట మొత్తాన్ని కాపిటల్ అక్షరాల్లో రాసేస్తారు. మనకున్నది ఒక్కటే 'అ'. వాక్యం మొదట్లో అదే, మనిషి పేరు మొదట్లో అదే, బజారులో బోర్డు మీదా అదే. ఒరిగించి రాసే ఇటాలిక్ పద్ధతి కూడా మన రాతలో పుట్టింది కాదు, అచ్చుతో పాటు బయటి నుంచి వచ్చింది. అందుకే తెలుగు అక్షరం గొంతు పెంచాలంటే దానికి మిగిలిన దారులు మూడే. పెద్దదవ్వాలి, లావెక్కాలి, లేదా తన ఒంపుల్ని కొత్తగా తిప్పుకోవాలి. ఈ మూడూ ఒక్కసారే చేసే అక్షరాలంటే నాకు ప్రాణం. చేత్తో గీసినట్టుండి, లావుగా, గుండ్రంగా, కాస్త అల్లరిగా, చూడగానే నవ్వినట్టుండే అక్షరాలు. పుస్తకం లోపలి పేజీలకు అవి పనికిరావు. అట్ట మీదికి, గోడ మీదికి, బండి మీదికి, పండుగ పోస్టరు మీదికి పుట్టినవి అవి.

నేను వరంగల్‌లో పిల్లలకు పాఠాలు చెబుతాను. అక్షరాలు గీయడం నా వృత్తి కాదు. అయినా బడి వార్షికోత్సవం వచ్చినా, బతుకమ్మ వచ్చినా, కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం జరిపినా, పోస్టరు మీద ఏ అక్షరం వేద్దామన్న ప్రశ్న తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుంది. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. ఏం చెప్పాలో మాట నిర్ణయిస్తుంది. ఎట్లా చెప్పాలో అక్షరం నిర్ణయిస్తుంది. 'రండి' అన్న ఒక్క మాటే సన్నని అక్షరాల్లో రాస్తే కబురు, లావైన అక్షరాల్లో రాస్తే కేక, గుండ్రంగా ఊగుతూ రాస్తే చేయి పట్టుకుని లాగినట్టు.

ఇట్లాంటి తెలుగు అక్షరాల్లో ఇవాళ కంప్యూటరున్న ప్రతివాళ్ళకూ ఉచితంగా దొరికేది 'బాలూ తమ్ముడు'. ముంబైలోని ఏక్ టైప్ అనే అక్షర రూపకర్తల బృందం దీన్ని తయారుచేసింది. కిప్లింగ్ 'జంగిల్ బుక్'లోని ఎలుగుబంటి బాలూ పేరు దీనికి పెట్టారు. ఒక్క తెలుగుకే కాదు, దేశంలోని చాలా లిపులకు ఈ ఎలుగుబంటి చుట్టమై వచ్చింది. తమిళానికి తంబి, కన్నడానికి తమ్మ, మలయాళానికి చేట్టన్, గుజరాతీకి భాయ్, బెంగాలీకి దా, పంజాబీకి పాజీ. తెలుగు వాటా తమ్ముడు. మొదట వచ్చినప్పుడు ఇది ఒక్క లావు రూపంలోనే ఉండేది. తర్వాత 'బాలూ 2'గా తిరిగొచ్చినప్పుడు మామూలు మందం నుంచి బాగా లావు దాకా అయిదు మందాల్లో విస్తరించింది. ఎలుగుబంటి పేరు ఊరికే పెట్టలేదు. పైకంతా బొచ్చులాంటి మెత్తదనం, అక్కడక్కడ గోటి మొన లాంటి చిన్న పదును. ఈ రెండూ కలిసే దానికి ఆ చలాకీతనం తెచ్చాయి.

దీనికంటే ముందే మనవాళ్ళు ఈ దారిలో నడిచారు. అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ తెలుగు యూనికోడ్ ఫాంట్లను ఒక వరుసగా తయారుచేయించి, ఎవరైనా ఎక్కడైనా వాడుకునేటట్టు ఓపెన్ లైసెన్సు కింద విడుదల చేసింది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ, గురజాడ, గిడుగు, సురవరం అంటూ వాటికి కవుల పేర్లు, భాషా సేవకుల పేర్లు పెట్టారు. ఆ వరుసలో అప్పాజీ అంబరీష దర్భ 2013లో రూపొందించిన 'లక్కిరెడ్డి' ఒకటుంది. అది చేతిరాత పోలికల అక్షరం. శీర్షికలకు, శుభలేఖలకు, పోస్టర్లకు, అదీ పెద్ద సైజులో వాడాలని దాన్ని గీసినవాళ్ళే చెప్పారు. ఆ మాటలో ఒక క్రమశిక్షణ ఉంది. ఈ అక్షరానికి ఒక చోటుంది, అక్కడే వెలుగుతుంది, అన్నిచోట్లా వాడి దాన్ని అలసిపోనివ్వకండి అని చెప్పడమది.

లావు అక్షరం మీద ఈ మోజు మన ఒక్కరిదే కాదు. షికాగోలో అక్షరాలు గీసి బతికిన ఓస్వాల్డ్ కూపర్ చేతి నుంచి 1922లో 'కూపర్ బ్లాక్' అచ్చు అక్షరం వచ్చింది. లావుగా, మొనలన్నీ గుండ్రంగా, తలగడలా మెత్తగా ఉండే ఆ అక్షరం నూరేళ్ళు దాటినా ఇంకా దుకాణాల బోర్డుల మీద, పాటల రికార్డుల అట్టల మీద, బనియన్ల మీద బతికే ఉంది. లావు అక్షరంలో పసితనం కనిపిస్తే జనం దాన్ని వదులుకోరని దాని చరిత్రే చెబుతోంది.

అయితే ఇంగ్లిషు అక్షరాన్ని లావు చేయడం వేరు, తెలుగు అక్షరాన్ని లావు చేయడం వేరు. ఇక్కడే ఈ పని నాకు మొక్కవలసినంత గొప్పగా కనిపిస్తుంది. మన అక్షరాల మధ్య తేడాలు చాలా చిన్నవి. 'ర' కడుపులో చుక్క పెడితే 'ఠ'. 'ద' కింద చిన్న నిలువు గీత పెడితే 'ధ', ఆ 'ధ' లోపల చుక్క పెడితే 'థ'. గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య కొసన ఒక మెలిక. ఎత్వం కొస పైకి లేస్తే ఏత్వం. 'మెడ'కూ 'మేడ'కూ ఉన్న దూరమంతా ఆ కొసలోనే ఉంది. గీత మందం పెంచుతూ పోతే మొదట మింగేసేది ఈ చిన్న చిన్న గుర్తుల్నే. చుక్కకు చోటు లేక 'థ' నల్లటి ముద్దవుతుంది. 'ణ', 'ఝ', 'ఘ' లాంటివి లోపల ఊపిరాడక మూసుకుపోతాయి. లావు అక్షరం గీసే మనిషి చూడాల్సింది నలుపును కాదు, లోపల మిగిలే తెలుపును. అక్షరం కడుపులో ఆ కాస్త ఖాళీని ఎంత తెలివిగా కాపాడితే అది అంత లావుగా ఉండి కూడా అంత తేలిగ్గా చదివిస్తుంది. పైకి కనిపించే అల్లరి వెనక ఇంత పొదుపు ఉంటుంది.

దానికి తోడు వత్తులు. ఇంగ్లిషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. మనవి పక్కకూ పెరుగుతాయి, పైకీ పెరుగుతాయి, కిందికీ దిగుతాయి. 'వస్త్రాలయం' అన్న మాట తీసుకోండి. 'స' కింద తకారం, దానికి తోడు రేఫ వత్తు, పైన దీర్ఘం. 'రాష్ట్రం', 'స్త్రీ', 'లక్ష్మి', ఇవన్నీ రెండంతస్తులు, మూడంతస్తుల కట్టడాలు. సన్నని అక్షరంలో ఈ అంతస్తులన్నీ సులువుగా ఇముడుతాయి. లావు అక్షరంలో కింద వత్తు పై అక్షరమంత లావుగా ఉంటే రెండూ గుద్దుకుంటాయి. మరీ సన్నగా ఉంటే అరువు తెచ్చి అతికించినట్టుంటుంది. అందుకని వత్తును కాస్త సన్నబరిచి, కాస్త పక్కకు జరిపి, పై అక్షరానికి చెందినదే అనిపించేటట్టు దిద్దాలి. ముప్పై అయిదు దాటిన హల్లులకు, వాటి గుణింతాలకు, వాటి కింద చేరే వత్తులకు ఇదంతా చేయాలంటే కొన్ని వందల ఆకృతులు గీసి, ఏది దేని పక్కన పడ్డా పొసగేటట్టు చూసుకోవాలి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ చోటు దొరకడం ఒకటి, ఆ చోట్లో అందంగా నిలబడే అక్షరాలు పుట్టడం ఇంకొకటి. ఈ రెండో పనికి ఏళ్ళు పట్టింది.

ఇంత గణితాన్నీ కాగితం లేకుండా, కంప్యూటరు లేకుండా, నిచ్చెన మీద నిలబడి కంటితోనే చేసినవాళ్ళు మన బోర్డు పెయింటర్లు. హనుమకొండ చౌరస్తా, స్టేషన్ రోడ్డు, మండిబజారు, పోచమ్మమైదాన్, ఎనుమాముల మార్కెట్ దారి, ఇవన్నీ ఒకప్పుడు వాళ్ళ చేతిరాత పుస్తకాలే. రేకు బోర్డుకు ముందు రంగు వేసి ఆరనిచ్చేవాళ్ళు. దారానికి సుద్దపొడి పట్టించి రెండు వైపులా బిగబట్టి, మధ్యలో లాగి వదిలితే తెల్లటి గీత పడేది. ఆ గీతల మధ్య మాట ఎన్ని అక్షరాలు, ఎక్కడ వత్తు దిగుతుంది, ఎక్కడ గుడి పైకి లేస్తుంది అని ఒక్కసారి కంటితో కొలుచుకుని కుంచె పట్టేవాళ్ళు. చివరికి వచ్చేసరికి చోటు చాలక అక్షరం ఇరుకైన బోర్డు అరుదుగా కనిపించేది. ఒక అక్షరం కింద దిగిన వత్తును పక్క అక్షరం కింది ఖాళీలోకి ఒదిగించేవాళ్ళు. 'కిరాణం'లో 'ణ' ఇరుకనిపిస్తే దాని కడుపును కాస్త సాగదీసేవాళ్ళు. పసుపు మీద ఎరుపు, ఎరుపుకు నల్లటి షేడు, షేడుకు తెల్లటి అంచు. ఒకే బోర్డు మీద రెండు 'ల'లు ఉంటే రెండూ అన్నదమ్ముల్లా ఉండేవి తప్ప కవలల్లా ఉండేవి కావు. చేతిరాతకున్న ప్రాణం అదే. ఫాంటులో ఎన్నిసార్లు కొట్టినా అదే 'ల' వస్తుంది. ఇప్పటి ఫాంటు సాంకేతికతలో ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి, పక్కపక్కన పడ్డప్పుడు వేరువేరు రూపాలు వచ్చేటట్టు అమర్చే వీలుంది. పెయింటరు చేయి అలవాటుగా చేసిన దాన్ని యంత్రానికి నేర్పడమది.

మన రాష్ట్రాల్లో ఈ అక్షరాలకు రెండు పెద్ద బడులుండేవి. ఒకటి సినిమా. పాలకొల్లులో పుట్టిన ఈశ్వర్ 1967లో బాపు సినిమా 'సాక్షి'తో మొదలుపెట్టి వేలాది సినిమాలకు పోస్టర్లు గీశారు. ఆ అనుభవమంతా 'సినిమా పోస్టర్' అన్న పుస్తకంగా రాశారు. సినిమా పేరు చూస్తేనే అది పౌరాణికమా, జానపదమా, కుటుంబ కథా, హాస్యమా అన్నది తెలిసిపోవాలి. చదువు రానివాళ్ళకు కూడా అక్షరాల తీరే కథ తీరు చెప్పేది. హాస్య చిత్రం పేరులో అక్షరాలు ఎగుడుదిగుడుగా గెంతేవి, పౌరాణికం పేరులో కిరీటం పెట్టుకుని కూర్చునేవి. బాపు గారి చేతిరాతయితే ఫాంటుగా మారి ఇవాళ్టికీ శుభలేఖల మీద, పుస్తకాల అట్టల మీద నడుస్తోంది. ఒక మనిషి చేయి ఆగిపోయాక కూడా ఆ చేతి ఒంపు జనం పనుల్లో కొనసాగడం ఎంత గొప్ప విషయమో ఆ అక్షరాన్ని చూసినప్పుడల్లా అనుకుంటాను.

రెండో బడి గోడ. వరంగల్ గోడలకు ఆ చరిత్ర బాగా ఉంది. ఉద్యమాల ఊరు ఇది. కాలేజీల గోడలు, బస్టాండు గోడలు, ఊరి చివరి ప్రహరీలు జాజుతో, నీలంతో, సున్నంతో రాసిన మాటలతో నిండి ఉండేవి. ఆ అక్షరాల్లో అలంకారం ఉండేది కాదు. రాత్రిపూట, తొందరలో, పెద్ద కుంచెతో రాసిన గీతలు. అయినా అవి లావుగా, దూరానికి కనబడేటట్టు, ఒక్క చూపులో చదివేటట్టు ఉండేవి. సినిమా పోస్టరు అక్షరానికి ఆట నేర్పితే, గోడ దానికి బలం నేర్పింది. చలాకీగా ఉంటూనే గట్టిగా నిలబడే అక్షరానికి ఈ రెండు చదువులూ కావాలి.

తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. దానిమీద నాకు కోపం లేదు. పేదవాడి దుకాణానికి కూడా రాత్రికి రాత్రే బోర్డు దొరికేటట్టు చేసింది. కానీ దాంతో పాటు అక్షరాల వైవిధ్యం తగ్గిపోయింది. డీటీపీ సెంటర్లలో ఏళ్ళ తరబడి నడిచినవి 'అను' ఫాంట్లు. తెలుగు అచ్చుకు అవి చేసిన సేవ తక్కువది కాదు. పత్రికలు, కరపత్రాలు, శుభలేఖలు వాటితోనే బతికాయి. అయితే చేతికి అలవాటైన నాలుగైదు రూపాలే ప్రతి ఫ్లెక్సీ మీదికీ ఎక్కాయి. చోటు మిగిలితే అక్షరాన్ని పక్కకు సాగదీయడం, చోటు చాలకపోతే నొక్కేయడం అలవాటైంది. పక్కకు సాగదీసిన అక్షరంలో నిలువు గీతలు ఉబ్బి, అడ్డగీతలు అట్లాగే ఉండిపోయి, ఆ అక్షరాన్ని గీసినవాళ్ళు లెక్కపెట్టి దాచిన తెలుపంతా చెదిరిపోతుంది. పెయింటరైతే చోటును బట్టి అక్షరాన్ని మళ్ళీ గీసేవాడు. మనం గీసిన అక్షరాన్ని లాగుతున్నాం. అయిదు మందాలున్న ఫాంటు చేతికి వచ్చాక ఇక లాగాల్సిన పని లేదు. మందం, సైజు మార్చుకుంటే చాలు, మాట చోటులో ఇముడుతుంది.

నన్ను ఇంకా బాధపెట్టేది వేరే ఉంది. మన కూడళ్ళలో పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ పక్కనే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఉంటుంది. రెండింటి మీదా అవే అక్షరాలు, అదే లావు, అదే షేడు, అదే పసుపు ఎరుపు. ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్ళ మాట, కేకు కోసేవాళ్ళ మాట ఒకే గొంతుతో పలకకూడదు. అల్లరి అక్షరం తప్పేమీ చేయలేదు. దాన్ని పిలవకూడని చోటికి పిలిచాం. నవ్వే అక్షరం మీద నాకున్న ప్రేమే, అది రాకూడని చోట్ల గురించి నన్ను గట్టిగా మాట్లాడిస్తుంది. మందు సీసా మీద మోతాదు, కరెంటు స్తంభం మీద హెచ్చరిక, పరీక్ష హాలు ముందు సూచనలు, కోర్టు నోటీసు, చనిపోయినవాళ్ళ పేరు, ఇక్కడ అక్షరం తనను తాను మరిచిపోయి అర్థాన్ని ముందుకు నెట్టాలి. ఇట్లాంటి చోట్లకు నిటారైన, నెమ్మదైన అక్షరాలు తెలుగులో ఇప్పుడు చాలా ఉన్నాయి. తెలుగు యూనికోడ్ తొలినాళ్ళలో తిరుమల కృష్ణ దేశికాచారి గారు తయారుచేసిన 'పోతన' ఫాంటు అట్లాంటిదే. మన బమ్మెర పోతన పేరు మోసిన ఆ అక్షరంలో పేజీలకు పేజీలు హాయిగా చదవొచ్చు. చదివించే అక్షరం వేరు, పిలిచే అక్షరం వేరు. రెండింటికీ పని ఉంది, రెండింటికీ మర్యాద ఉంది.

మరి పిలవాల్సిన చోట్లు మన ఊళ్ళో తక్కువున్నాయా? చపాటా మిర్చిని తీసుకుందాం. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటా మిర్చి అని కూడా అంటారు. లావుగా, గుండ్రంగా, నిగనిగలాడే ఎరుపు, కారం మాత్రం తక్కువ. చేత్తో గీసినట్టుండే లావు అక్షరం స్వభావం కూడా సరిగ్గా ఇదే. చూపులో ఎంత జోరున్నా నాలుకను మండించదు. ఆ మిరపపొడి పొట్లం మీద 'చపాటా' అన్న మూడక్షరాలు బాలూ తమ్ముడి లాంటి రూపంలో ముద్రిస్తే, పొట్లం విప్పకముందే లోపలున్నది ఏమిటో కొనేవాళ్ళకు అర్థమవుతుంది. అదే కొత్తవాడ జంపఖానాలకయితే నేను ఈ అక్షరం వాడను. 2018లో గుర్తింపు పొందిన ఆ నేతలో అంచులు, కోణాలు, మెట్లు మెట్లుగా సాగే గీతలు ఉంటాయి. దానికి కోణాలున్న అక్షరమే తోడు. వస్తువును చూసి అక్షరం ఎంచుకోవాలని పిల్లలకు చెప్పేటప్పుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. మిర్చికి గుండ్రం, జంపఖానాకు కోణం అని వాళ్ళు వెంటనే పట్టేస్తారు.

మేడారం జాతర ఇంకో చోటు. రెండేళ్ళకొకసారి సమ్మక్క సారలమ్మల దగ్గరికి వచ్చే జనంలో గోదావరి అవతల మహారాష్ట్ర నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చేవాళ్ళూ ఉంటారు. కూడబలుక్కుని చదివేవాళ్ళు, దూరం నుంచి కళ్ళు చిట్లించి చూసే పెద్దవాళ్ళు, దుమ్ములో, రాత్రి దీపాల వెలుగులో బస్సు వెతుక్కునేవాళ్ళు వాళ్ళలో ఎందరో. అక్కడ 'మేడారం', 'హనుమకొండ', 'మంచినీళ్ళు', 'తప్పిపోయిన పిల్లలు' అన్న మాటలు లావుగా, లోపలి తెలుపు చెదరకుండా, ఏత్వం కొస స్పష్టంగా కనబడేటట్టు ఉండాలి. లావు అక్షరం అందానికే అనుకునేవాళ్ళు జాతరలో ఒక రాత్రి నిలబడి చూడాలి. అక్కడ అది దారి చూపిస్తుంది. మెత్తటి ఒంపుల వల్ల బెదిరించకుండా చూపిస్తుంది. అధికారం మాట్లాడినట్టు కాక ఊరి మనిషి చెప్పినట్టుంటుంది.

బడి గోడలు మూడో చోటు. అక్షరాలు దిద్దుకునే పిల్లలకు పలక మీద నేర్పాల్సింది మామూలు అక్షరమే. ఒంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేటగా ఉండాలి. కానీ తరగతి పేరు, కథల మూల పేరు, నాటకం పోస్టరు, పిల్లల గోడపత్రిక శీర్షిక, వీటికి ఆడే అక్షరం కావాలి. చదువంటే గదమాయింపు కాదని పిల్లలకు మొదట చెప్పేది ఆ అక్షరమే. 'ఓరుగల్లు' అన్న మాటను పిల్లలతో లావుగా గీయించడం నాకు చాలా ఇష్టమైన పని. 'ఓ' పెద్ద గోళంలా కూర్చుంటుంది. 'రు' కొమ్ము చాపుతుంది. 'గ' గొడుగు పట్టినట్టు వంగుతుంది. 'ల్లు' తన కింద తనలాంటి చిన్నదాన్ని ఎత్తుకుని నిలబడుతుంది. ఒక్క నిటారు గీత లేకుండా మాట మొత్తం వంపులే. కొందరు పిల్లలు 'ల్లు'కు కళ్ళు పెడతారు, కొందరు 'గ'లోపల కోట తోరణం గీస్తారు. లోపలి తెలుపును మూసేస్తే మాట పోతుందని వాళ్ళకు చెప్పాల్సిన పనే ఉండదు. చదవలేక పక్కవాడు 'ఇదేంది?' అని అడిగినప్పుడు వాళ్ళకే తెలుస్తుంది. అక్షరంలో ఆట ఎంత దూరం వెళ్ళొచ్చో చెప్పే హద్దు అదొక్కటే, అవతలివాళ్ళు చదవగలగాలి. ఆ హద్దు లోపల ఎంత స్వేచ్ఛయినా ఉంది. దాన్ని దాటితే మిగిలేది బొమ్మ, అక్షరం కాదు.

ఇంత చెప్పాక మనసులో ఉన్న అసలు కోరిక చెబుతాను. బాలూ తమ్ముడు ముంబై నుంచి వచ్చాడు. సిలికానాంధ్ర ఫాంట్లు అమెరికా నుంచి వచ్చాయి. వచ్చినవాళ్ళందరికీ రుణపడి ఉన్నాం. కానీ వరంగల్ చేతి నుంచి పుట్టిన అక్షరం ఒకటి కావాలి. వేయిస్తంభాల గుడిలో 1163 నాటి రుద్రదేవుడి శాసనం ముందు నిలబడ్డప్పుడల్లా నాకు ఈ ఆలోచన వస్తుంది. అది సంస్కృత శాసనం, తెలుగు కన్నడ లిపులు ఇంకా పూర్తిగా విడిపోని కాలపు రాత. ఉలితో రాతి మీద చెక్కిన ఆ ఒంపులు ఈ ఊరివి. అవి ఎనిమిదిన్నర శతాబ్దాలు దాటి నిలిచాయి. రేకు మీద ఎనామెల్ రంగుతో రాసిన ఒంపులూ ఈ ఊరివే. అవి ఎండకు వెలిసి, కొత్త రేకు కింద పడి, పాత ఇనుము దుకాణానికి పోతున్నాయి. రాతి అక్షరాలకు పురావస్తు శాఖ ఉంది. రేకు అక్షరాలకు ఎవరూ లేరు.

దీనికి దారి చూపిన మనిషి మన దేశంలోనే ఒకరుండేవారు. హనీఫ్ కురేషీ అనే కళాకారుడు 'హ్యాండ్‌పెయింటెడ్ టైప్' పేరుతో వీధి పెయింటర్ల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ చేత అక్షరాలు రాయించి, వాటిని డిజిటల్ ఫాంట్లుగా మార్చే పని మొదలుపెట్టారు. ఆ ఫాంట్లకు ఆ పెయింటర్ల పేర్లే పెట్టారు. పెయింటరు కఫీల్, పెయింటరు ఉమేశ్ అని. హనీఫ్ 2024లో చిన్న వయసులోనే కన్నుమూశారు. అంతవరకు పేరు లేని చేతికి పేరు ఇవ్వొచ్చని ఆయన చేసి చూపించారు. తెలుగులో ఆ పని ఇంగ్లిషు కంటే కష్టం. ఇరవై ఆరు అక్షరాలతో అయిపోదు. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు, అంకెలు, అన్నీ ఒకే చేతి ఊపులో రావాలి. కష్టమైతే కావచ్చు, కానీ చేయలేనిది కాదు. పనిని పంచుకుంటే అవుతుంది. పెయింటరు ముఖ్యమైన ఆకృతులు గీస్తాడు. ఫాంటు తయారుచేసే మనిషి వాటి నుంచి మిగతావి అల్లి, మళ్ళీ ఆ పెయింటరుకే చూపించి దిద్దించుకుంటాడు. కంప్యూటరు పని తెలిసిన విద్యార్థులకు ఎన్‌ఐటీలో, కాకతీయ విశ్వవిద్యాలయంలో కొదవ లేదు. 1904 నుంచి ఉన్న హనుమకొండ రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం లాంటి గ్రంథాలయం గోడల మీద మొదటి ప్రదర్శన పెట్టుకోవచ్చు. చేయి ఉన్నవాళ్ళూ, చదువు ఉన్నవాళ్ళూ ఒకే ఊళ్ళో ఉన్నారు. ఒకే బల్ల దగ్గర కూర్చోవడమే మిగిలింది.

మొదటి మెట్టు చాలా చిన్నది, ఎవరైనా ఎక్కొచ్చు. పాత బోర్డు దించేముందు ఎదురుగా నిలబడి, నేరుగా, నీడ పడకుండా ఒక ఫొటో తీసిపెట్టండి. ఏ వీధిలో ఉందో, ఎవరు రాశారో తెలిస్తే పక్కన రాయండి. చాలామంది పెయింటర్లు బోర్డు మూలన చిన్నగా తమ పేరు రాసుకునేవాళ్ళు, ఆ మూలను ఫొటోలో వదిలేయకండి. రెండో మెట్టు ఆ పెయింటర్లలో ఇంకా మన మధ్య ఉన్నవాళ్ళను కలవడం. కొందరు ఫ్లెక్సీ దుకాణాల్లో పనిచేస్తున్నారు, కొందరు ఇళ్ళకు రంగులు వేస్తున్నారు. వాళ్ళ చేతికి మళ్ళీ కుంచె ఇచ్చి 'అ' నుంచి 'ఱ' దాకా గుణింతాలతో సహా రాయమని అడగాలి. అడిగేటప్పుడు అభిమానం ఒక్కటే తీసుకుని వెళ్ళొద్దు. ఆ అక్షరం రేపు ఏ పొట్లం మీద, ఏ పోస్టరు మీద, ఏ తెర మీద కనిపించినా ఇది ఫలానా పెయింటరు చేయి అని ఫాంటు పేరులోనే ఉండాలి. ఆ పనికి తగిన డబ్బు ముందే మాట్లాడుకుని చేతికివ్వాలి. పేరూ కూలీ రెండూ అందినప్పుడే ఆ నవ్వే అక్షరం నిజంగా మన ఊరిదవుతుంది.